ఆవాజ్ వస్తుంది, తాఖత్ రాదు

ఈ మాట చాలామంది అబ్బాలకు నచ్చదని తెలిసే రాస్తున్నాను. కొడుకు బండికి సైలెన్సర్ మార్పించడానికి జేబులోంచి డబ్బు తీసిచ్చిన ప్రతి తండ్రీ పైసలు పెట్టి బద్నామీ కొంటున్నాడు. ఆ పైసలతో తాఖత్ రాదు, రఫ్తార్ రాదు, పిల్లవాడు ఫోన్‌లో చూసి మురిసే ‘స్పోర్ట్స్’ అసలే రాదు. వచ్చేది ఒట్టి ఆవాజ్. ఆ ఆవాజ్‌కి కూడా మనం ఒకసారి కాదు, నాలుగైదు సార్లు బిల్లు కడుతున్నాం. ఆ బిల్లు ఏమిటో ఈ రోజు కూర్చుని లెక్క చూద్దాం.

మన వరంగల్‌లో నిజమైన స్పోర్ట్స్ కార్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మన మొహల్లాల్లో ఉన్నవి సెకండ్ హ్యాండ్ డ్యూక్‌లు, పల్సర్లు, బుల్లెట్లు, ఎవరో మామూ దాచిపెట్టుకున్న పాత ఆర్ఎక్స్ 100లు. కాస్త కలిగిన ఇళ్లలో స్విఫ్ట్, పోలో. ‘పెర్ఫార్మెన్స్’ పేరుతో తగిలించే సామానంతా వీటికే. బుల్లెట్‌కి పంజాబ్ సైలెన్సర్, ఇండోరీ సైలెన్సర్. డ్యూక్‌కి అక్రపోవిచ్ అని ముద్ర కొట్టిన గొట్టం. అక్రపోవిచ్ అనేది స్లోవేనియా దేశపు కంపెనీ. రేసు బండ్లకు టైటానియంతో ఎగ్జాస్ట్‌లు చేస్తుంది. దాని అసలు సరుకు ఖరీదు వింటే మన పిల్లల సెకండ్ హ్యాండ్ బండి ఖరీదు గుర్తొస్తుంది. మనకు రెండు మూడు వేలకు దొరికేది ఆ పేరు అతికించిన రేకు. పిల్లవాడు దాన్ని బిగించి, తన బండి ఇప్పుడు ఐదు హార్స్ పవర్ పెరిగిందని దోస్తులకు చెప్పుకుంటాడు.

పెరిగిందా? నేను జర్నలిస్టుని, ఇంజనీర్‌ని కాను. కానీ ఇరవై ఏళ్లుగా ప్రమాదాల వార్తలు రాస్తూ మెకానిక్ షాపుల్లో కూర్చున్నవాణ్ణి. బండ్ల కింద పడుకుని జిందగీ గడిపిన ఒక ఉస్తాద్ ఒకే ముక్కలో తేల్చేశాడు: ‘ఆవాజ్ ఆతీ భాయ్, తాఖత్ నై ఆతీ.’

ఎందుకు రాదో ఆయనే వివరించాడు. ఇంజన్‌లోకి ఎంత గాలి రావాలి, ఎంత పెట్రోల్ కలవాలి, కాలిన పొగ ఎంత వేగంగా బయటికి పోవాలి అనే మూడూ ఒకదానికొకటి కట్టిన ముడులు. కంపెనీ వాళ్లు నెలల తరబడి పరీక్షించి ఆ ముడులు వేస్తారు. మనవాడు మూడో ముడి ఒక్కటీ విప్పేస్తాడు. పొగ బయటికి పోయే దారి మారింది, పెట్రోల్ లెక్క మాత్రం పాతదే. మిశ్రమంలో పెట్రోల్ పలచబడుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. అదృష్టం బాగుంటే ఒకటో అరో హార్స్ పవర్ పెరగొచ్చు. మన రోడ్ల మీద అది తెలియనే తెలియదు.

ఇక ఆ పటాకా చప్పుడు సంగతి. నడుస్తున్న బండి స్విచ్ ఆపి మళ్లీ వేస్తారు కదా, తుపాకీ పేలినట్టు ఢామ్మని వస్తుంది కదా, దాన్ని చూసి చిన్న పిల్లలు చప్పట్లు కొడతారు కదా. అది ఏమిటంటే, ఇంజన్ లోపల కాలాల్సిన పెట్రోల్ కాలకుండా వేడి గొట్టంలోకి వచ్చి అక్కడ అంటుకోవడం. అంటే చక్రం తిప్పాల్సిన పెట్రోల్ చప్పుడుకి ఖర్చయిపోయింది. లీటరు వంద రూపాయలు దాటిన పెట్రోల్‌ని గొట్టంలో పేల్చి, దానికి పెర్ఫార్మెన్స్ అని పేరు పెట్టుకున్నాం.

చప్పుడుకీ బలానికీ సంబంధం లేదనడానికి మన కళ్ల ముందున్న బండ్లే గవాహీ. ఆర్ఎక్స్ 100 చప్పుడు వీధి చివరికి వినపడుతుంది. దాని బలం 11 హార్స్ పవర్. క్లాసిక్ 350 బుల్లెట్ గోడలు అదిరేట్టు వస్తుంది. దానిది 20 చిల్లర. దాంట్లో సగం చప్పుడు కూడా చెయ్యని డ్యూక్ 200ది సుమారు 25. ఇంకా పెద్ద గవాహీ కావాలంటే 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసు గుర్తు చేసుకోండి. మన దేశంలో ఆ పోటీ జరగడం అదే మొదటిసారి. గంటకు 300 కిలోమీటర్లు దాటగల కార్లు అవి. అన్నీ బ్యాటరీ కార్లు. సైలెన్సర్ లేదు, ఎందుకంటే సైలెన్సర్ పెట్టాల్సిన పొగే లేదు. సన్నగా ఒక విజిల్ లాంటి శబ్దం చేసుకుంటూ పోయాయి. మన రాష్ట్రం రోడ్ల మీద అంత తాఖత్ ఉన్న కార్లు అంత తక్కువ చప్పుడుతో పరుగెత్తాయి. మన గల్లీలో 25 హార్స్ పవర్ బండి ఏమో ఆస్మాన్ బద్దలు కొడుతుంది.

కార్ల దగ్గరికి వస్తే వేషం మారుతుంది, దందా అదే. ల్యాప్‌టాప్ తెచ్చి, స్టీరింగ్ కింద ఉన్న పోర్టుకు తీగ తగిలించి ‘రీమ్యాప్’ చేస్తామంటారు. టర్బో ఉన్న కారులో దీనివల్ల బలం నిజంగానే పెరుగుతుంది. అబద్ధం చెప్పను. కానీ ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. పెట్రోల్ నాసిగా ఉన్నా, మే నెల ఎండలో ట్రాఫిక్‌లో నిలబడ్డా ఇంజన్ చెడిపోకుండా కంపెనీ కొంత గుంజాయిష్ వదిలిపెడుతుంది. రీమ్యాప్ చేసేవాడు ఆ గుంజాయిష్ తీసి మీ చేతిలో పెట్టి, తన ఫీజు తీసుకుంటాడు. మన వరంగల్ ఎండ ఎలాంటిదో నేను చెప్పాలా? క్లచ్ జారినా, టర్బో పోయినా కంపెనీ వారంటీ ఉండదు. టర్బో లేని చిన్న కారుకైతే ఈ రీమ్యాప్ వల్ల ఫాయిదా దాదాపు సున్నా. అయినా చేయించుకునేవాళ్లు ఉన్నారు.

పైగా ఇంజన్ బలం పెంచినవాడు బ్రేకుల బలం పెంచడు. వేగం రెట్టింపైతే బండిలో ఉండే శక్తి నాలుగింతలవుతుంది, ఆపడానికి నాలుగింతల దూరం కావాలి. ఇది పదో తరగతి ఫిజిక్స్. నేను ఉర్దూ మీడియంలో చదివాను, మా సర్ ఆ రోజుల్లో సుద్దముక్కతో బోర్డు మీద వేసి చూపించిన లెక్కే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 74,897 మంది టూవీలర్ల మీద ఉన్నవాళ్లు. మొత్తం మరణాల్లో పదింటికి ఏడు అతివేగం ఖాతాలోవే. వీళ్లలో ఎందరి జనాజాలు వాళ్ల తండ్రుల భుజాల మీద లేచాయో ఆ లెక్కలో ఉండదు. నేను కొన్ని చూశాను. ఎంజీఎం మార్చురీ ముందు చెప్పులు లేకుండా నిలబడ్డ అబ్బాలను చూశాను. ‘బండి కొనివ్వకపోతే అన్నం తిననన్నాడు సాబ్’ అన్న మాట ఒకటి కంటే ఎక్కువ సార్లు విన్నాను.

ఇక ఖానూన్ ఏమంటుందో చూద్దాం. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు, కంపెనీ చేసిన తీరుకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఇదే విషయం మీద కేరళ నుంచి వెళ్లిన కేసులో 2019 జనవరిలో సుప్రీం కోర్టు గట్టిగా తీర్పు చెప్పింది. అదే సంవత్సరం చట్టాన్ని సవరించి 182ఏ సెక్షన్‌ను తిరగరాశారు. అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జుర్మానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకి’ అన్న మాట మళ్లీ చదవండి. సైలెన్సర్ ఒకటి, హ్యాండిల్ ఒకటి, టైరు ఒకటి. చప్పుడు, పొగ ప్రమాణాలు మీరితే 190(2) కింద 10,000 దాకా జుర్మానా, మూడు నెలలు లైసెన్స్ రద్దు. మార్పు సంగతి చెప్పకుండా దాచిన బండికి యాక్సిడెంట్ అయితే డ్యామేజీ క్లెయిమ్ తిరస్కరించడానికి ఇన్సూరెన్స్ కంపెనీకి మనమే సాకు చేతికిచ్చినట్టు.

అన్నిటికంటే భయపడాల్సింది 199ఏ. పద్దెనిమిది నిండని పిల్లవాడు బండి నడుపుతూ నేరం చేస్తే ముల్జిమ్ తండ్రి, లేదా బండి ఓనర్. మూడేళ్ల దాకా జైలు, 25,000 జుర్మానా, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఇంటర్ పాసైన ఖుషీలో కొడుక్కి తాళం చెవి ఇచ్చే అబ్బాకు ఈ సెక్షన్ ఎవరూ చదివి వినిపించడం లేదు. అందుకే నేను వినిపిస్తున్నాను.

జైలు, జుర్మానా పక్కన పెట్టండి. పొరుగువాడి హఖ్ సంగతి మాట్లాడదాం. 175 సీసీ దాటిన మోటార్ సైకిల్ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చేటప్పుడు 80 డెసిబెల్ మించకూడదు. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. పది పెరిగితే శబ్దంలోని శక్తి పది రెట్లు. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం హాస్పిటల్, స్కూలు, కోర్టు చుట్టూ వంద మీటర్లు సైలెన్స్ జోన్‌గా ప్రకటించవచ్చు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా అక్కడ పరిమితి 40 డెసిబెల్. ఇప్పుడు ఎంజీఎం ముందు రోడ్డు మీద రాత్రి పదకొండు గంటలకు కాసేపు నిలబడండి. ఉత్తర తెలంగాణ ఊళ్ల నుంచి వచ్చిన మరీజ్‌లు లోపల ఉంటారు. వాళ్ల మనుషులు బయట గోడ పక్కన చాప పరుచుకుని కళ్లు మూసుకుంటారు. అంతలో ఢామ్. ఒక పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది. ఆ బండి మీద ఉన్నవాడి పేరు ఏ మతానిదైనా నాకు సిగ్గే. మన మొహల్లావాడైతే ఇంకా ఎక్కువ సిగ్గు.

ఎందుకు ఎక్కువ? ఈ చప్పుడుని మనం ఇబాదత్ రాత్రులకు తగిలించాం కాబట్టి. షబె బరాత్ వస్తుంది. నఫిల్ నమాజులు, తిలావత్, ఖబ్రస్తాన్‌కి పోయి మన బుజుర్గులకు దువా. అది జాగ్నే కీ రాత్. దేనికోసం మేలుకోవాలి? మండీబజార్ నుంచి హంటర్ రోడ్డు మీదుగా కాజీపేట దాకా ముగ్గురేసి ఎక్కి, ముందు చక్రం గాల్లోకి లేపడానికా? జాగ్నే కీ రాత్ వచ్చిందంటే హైదరాబాద్‌లో ట్రాఫిక్ పోలీసులు ఫ్లైఓవర్లు మూసేస్తున్నారు. ఏళ్లుగా ఇదే తీరు. రేసులకు భయపడి మూసేస్తున్నారు. ఒక ఇబాదత్ రాత్రి వస్తోందంటే నగరం రోడ్లు బంద్ చేసుకునే హాలత్‌కి తెచ్చింది ఎవరు? ఉలమాలు ప్రతి సంవత్సరం అపీల్ చేస్తున్నారు. మిహ్రాబ్‌లో ఇమామ్ సాబ్ దువా చేస్తుంటే బయట గేటు దగ్గర ఫట్ ఫట్ మని రేస్ చేసేవాడు ఏ ఆమీన్‌లో షరీక్ అయినట్టు?

లుఖ్మాన్ తన కొడుక్కి చేసిన నసీహత్ ఖురాన్‌లో ఉంది. ఆ నసీహత్‌లో నడక ఎలా ఉండాలి, గొంతు ఎలా ఉండాలి అనేవి కూడా ఉన్నాయి. ఒక బాప్ తన బేటేకి చెప్పాల్సిన వాటిలో చప్పుడు సంగతి కూడా చేరిందంటే అది చిన్న విషయం కాదు. రోడ్డు మీది ముల్లు తీసేయడం కూడా ఈమాన్‌లో భాగమని చిన్నప్పుడే చెప్పుకున్న ఖౌమ్ మనది. రోడ్డు మీద ముల్లు తీయకపోతే పోనీ, మనమే ముల్లై తిరగొద్దు కదా.

ఇప్పుడు నాకు రాబోయే జవాబులు నాకు తెలుసు. మొదటిది: ‘షౌక్ భాయ్, జవానీలో ఉండదా?’ ఉంటుంది. ఉండాలి కూడా. ఇంజన్ మీద ఇష్టం మంచి ఇష్టం. రఫ్తార్ మీద అంత షౌక్ ఉంటే దానికి జాగాలు ఉన్నాయి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. అక్కడ హెల్మెట్, లెదర్ సూట్, పక్కన అంబులెన్స్ లేకుండా బండి కదలనివ్వరు. అక్కడ మార్పులు చేసిన బండి మీద పోటీ పడేవాడిని ఆటగాడంటారు. స్కూల్ వదిలిన గల్లీలో అదే పని చేసేవాడిని ఏమనాలో మీరే చెప్పండి.

రెండో జవాబు: ‘మనవాళ్లే కనపడ్డారా? డిసెంబర్ 31 రాత్రి ఎవరు తిరుగుతారు? ఊరేగింపుల్లో, లీడర్ల ర్యాలీల్లో సైలెన్సర్లు తీసింది ఎవరు?’ ఈ సవాల్ సహీ సవాల్. దాన్ని దాటేసి పోను. చట్టం మండీబజార్‌లో ఒక తీరు, ఇంకో బస్తీలో ఒక తీరు ఉండకూడదు. ఒక పిల్లవాడి చప్పుడుకి మొహల్లా మొత్తాన్ని రాత్రిపూట నిలబెట్టి కాగితాలు అడగడం గలత్. ఎవరి బండికి చలానా వేశారు, ఎవరి బండిని చూసీ చూడనట్టు వదిలారు అని లెక్క అడిగే హఖ్ మనకుంది, నేను నా కలంతో అడుగుతూనే ఉన్నాను. కానీ భాయ్, ఆ లడాయి గెలవాలంటే మన చెయ్యి సాఫ్‌గా ఉండాలి. పక్కింటివాడు చెత్త వేస్తున్నాడని మన గుమ్మంలో మనమే చెత్త పోసుకోం కదా. ఈ సైలెన్సర్ మన పిల్లవాణ్ణి అనుమానించడానికి వాళ్లకు మనం ఉత్తపుణ్యానికి ఇచ్చే బహానా. ఒకసారి స్టేషన్ రికార్డుకి ఎక్కిన పేరు రేపు పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌లో అడ్డం తిరిగితే, దమ్మామ్ వీసా వచ్చిన రోజు ఆ అబ్బా ఎక్కడికి పోయి మొత్తుకోవాలి?

మూడోది మెకానిక్ భాయ్‌ల మాట: ‘ఇది మా రోజీ.’ మన నగరంలో మోటార్ పని చేసే చేతుల్లో మన చేతులు ఎన్నో ఉన్నాయి. ఆ హునర్ మీద నాకు ఇజ్జత్ ఉంది. అందుకే అడుగుతున్నాను. కార్బురేటర్ కడిగి, వాల్వుల సందు సరిచేసి, చైన్ బిగించి, బ్రేక్ షూలు మార్చి, టైర్‌లో గాలి సరిగా కొట్టి ఇవ్వండి. పాత బండి కొత్తదానిలా లాగుతుంది. అసలు పెర్ఫార్మెన్స్ అదే, దానికి ఏ చలానా లేదు. ఉస్తాద్ అంటే పిల్లవాడు అడిగింది బిగించేవాడు కాదు. ‘నక్కో బేటా, ఇంజన్ పోతుంది’ అని చెప్పగలిగినవాడు. రోడ్డు రోలర్ కింద సైలెన్సర్లు నలగ్గొట్టే ఫోటోలు మన రాష్ట్రం పేపర్లలో ఎన్నిసార్లు వచ్చాయి! ఆ రేకులో మీ కమాయీ పోలేదు, అది ముందే మీ జేబులో పడింది. నలిగింది ఒక కూలీ తండ్రి కమాయీ.

ఆ కమాయీ దగ్గరే నా అసలు గొడవ. ఒక ఇంటి లెక్క చెబుతాను, ఇలాంటి ఇళ్లు మీకూ తెలుసు. తండ్రి గల్ఫ్‌లో డ్రైవర్. కొడుక్కి సెకండ్ హ్యాండ్ డ్యూక్. దానికి సైలెన్సర్, వెడల్పు టైరు, ఎయిర్ ఫిల్టర్, లైట్లు అన్నీ కలిపి పాతిక వేలు దాటింది. అదే ఇంట్లో కూతురు. ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. కాలేజీ హన్మకొండలో. రోజూ రెండు ఆటోలు మారాలి. ‘దూరం, ఖర్చు, జమానా బాగోలేదు’ అని ఆపేశారు. పాతిక వేలంటే ఆ పిల్ల రెండేళ్ల ఆటో ఛార్జీలకు దగ్గర. జమానా ఎందుకు బాగోలేదని అడిగితే, గల్లీ మొదట్లో బండ్లు రేస్ చేస్తూ నిలబడే పిల్లల వల్ల అంటారు. ఆ బండ్లలో ఒకటి ఆమె భాయ్‌జాన్‌ది! ఒకే జేబులోంచి తీసిన డబ్బు బేటేకి చప్పుడైంది, బేటీకి చుప్ అయింది. ఇస్రాఫ్ అనే మాటకు అర్థం ఏ కితాబులోనూ వెతకనక్కర్లేదు, ఈ ఇంటికి పోతే చాలు.

కాబట్టి అబ్బాలకు, అమ్మీలకు నాలుగు మాటలు. ఈ జుమ్మా లోపు మీ ఇంటి బండి దగ్గరికి పోయి చూడండి. ఆర్‌సీ కాగితం పక్కన పెట్టుకోండి. కంపెనీ సైలెన్సర్ అటక మీద ఉంటే దించి బిగించమనండి. బిగించేదాకా పెట్రోల్ డబ్బులు బంద్. లైసెన్స్ లేని పిల్లవాడి చేతిలో తాళం చెవి ఉంటే ఇప్పుడే తీసుకోండి. ఏడిస్తే ఏడవనివ్వండి. బండ్ల మీద నిజంగా ఇష్టం ఉన్న పిల్లవాడైతే ఐటీఐలో మోటార్ వెహికిల్ మెకానిక్ ట్రేడ్ రెండేళ్లు చదివించండి, పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చదివించండి. బ్యాటరీ బండ్లు వస్తున్నాయి, రేపు వాటిని విప్పి బిగించగలిగినవాడికి పని దొరుకుతుంది. మస్జిద్ కమిటీల భాయియోం, జాగ్నే కీ రాత్ ముందు జుమ్మాలో పది నిమిషాలు దీని మీద బయాన్ పెట్టించండి. గేటు దగ్గర నలుగురు పెద్దలు నిలబడండి. పోలీస్ వచ్చి ఆపే ముందు మన చాచా వచ్చి ఆపితే అందులో ఇజ్జత్ ఉంది.

ఇంకో మాట ఆ పిల్లలకు నేరుగా. బేటా, నువ్వు రేస్ చేస్తే గల్లీ అంతా తిరిగి చూస్తుంది, నిజమే. ఆ చూసేవాళ్లలో ఒక్కడు కూడా నీ బండిని చూసి ‘వాహ్’ అనుకోవడం లేదు. నీ అబ్బా పేరు అడుగుతున్నారు.